చలికాలం 5కె పరిగెత్తాలంటే: కష్టం పరుగులో లేదు, నిలబడటంలో ఉంది

మాది చికాగో పక్కన అరోరా, బాలాజీ గుడి ఉందే ఆ అరోరానే. ఇక్కడికొచ్చిన కొత్తలో చలికాలం అంటే నాకు రెండే పరుగులు, ఇంట్లోంచి కార్లోకి ఒకటి, కార్లోంచి ఆఫీసులోకి ఇంకోటి. అలాంటివాణ్ణి ఇప్పుడు జనవరి, ఫిబ్రవరిల్లో చుట్టుపక్కల ఎక్కడ చిన్న 5కె, అంటే ఐదు కిలోమీటర్ల పరుగు పందెం, ఉన్నా పేరిచ్చేస్తున్నా. మనవాళ్ళు కొంతమంది "ఆ చలిలో ఎలా పరిగెడతావ్, ఏం వేసుకోవాలి" అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెట్టాయి, ఇక ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా.

ముందు నా ఫస్ట్ రేస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏం చేయకూడదో అన్నీ అందులోనే ఉన్నాయి. ఫాక్స్ నది పక్కన ట్రైల్ మీద జనవరిలో ఓ చిన్న 5కె, జనం నూట ఇరవై మంది కూడా లేరు, ఆ రోజు పొద్దున 18 డిగ్రీలు, ఫారెన్‌హీట్ అండీ, మన లెక్కలో మైనస్ 8. నేనేం చేశానంటే కాటన్ బనీను, దానిమీద కాటన్ ఫుల్‌హ్యాండ్స్, దానిమీద హుడీ, దానిమీద ఆఫీసుకేసుకెళ్ళే దూది పరుపు లాంటి జాకెట్, ఇవన్నీ చాలవన్నట్టు అమ్మ ఊరి నుంచి పంపిన మంకీ క్యాప్. మొదటి మైలు దాటేసరికి లోపల ఆవకాయ జాడీలా ఊటెక్కిపోయా, చెమట వీపు మీద కారుతోంది, జాకెట్ విప్పి నడుముకి కట్టుకుంటే దానికి పిన్ చేసిన బిబ్, అదే మన నంబరున్న కాగితం, కాస్తా వెనక్కెళ్ళిపోయింది, ఫినిష్ దగ్గర నంబర్ రాసుకునే పెద్దాయన నా చుట్టూ తిరిగి వెతుక్కున్నాడు పాపం. సరే అయిపోయిందిలే అని అరటిపండు తింటూ ఫోటోలు దిగుతూ పావుగంట నిలబడ్డా, అంతే, ఆ తడిసిన కాటన్ అంతా ఐసుముక్కలా ఒంటికి అతుక్కుపోయి పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది, కారు తాళం జేబులోంచి తీయడానికి వేళ్ళు వంగలేదు.

అప్పుడర్థమైంది. పరిగెత్తేటప్పుడు చలి మనల్ని పెద్దగా ఏం చేయదు, ఒళ్ళే హీటర్‌లా పనిచేస్తుంది. చలి పట్టుకునేది రెండు చోట్ల, స్టార్ట్ ముందు ఊరికే నిలబడే ఆ ఇరవై నిమిషాలు, ఫినిష్ తర్వాత చెమటతో నిలబడే ఆ పది నిమిషాలు. మనమేమో మధ్యలో పరుగు కోసం మూటలు మూటలు వేసుకుని ఆ రెండు చోట్లా దొరికిపోతాం.

ముందు ఎంత చలో చూడటం నేర్చుకోండి

ఫోన్‌లో 20 డిగ్రీలు (ఇక్కడ్నుంచి వేరే చెప్పకపోతే అన్నీ ఫారెన్‌హీటే) అని చూసి అదే అనుకోకండి, పక్కన గాలి స్పీడ్ ఎంతో చూడండి. అమెరికా వెదర్ సర్వీస్ వాళ్ళ విండ్ చిల్ టేబుల్ ఒకటుంటుంది, అందులో 20 డిగ్రీలకి గంటకి 15 మైళ్ళ గాలి కలిస్తే ఒంటికి 6 డిగ్రీల్లా తగుల్తుంది, అంటే సెల్సియస్‌లో మైనస్ 14. అదే టెంపరేచర్ 0 ఉండి అదే 15 మైళ్ళ గాలుంటే మైనస్ 19 అవుతుంది, అప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు, ఫ్రాస్ట్‌బైట్ అనేది అదే. మనలో చాలామందికి 5కె అంటే ఓ అరగంటే కదా, స్టార్ట్ దగ్గర నిలబడింది కూడా కలిపి లెక్కేస్కోండి మరి.

నా వరకు నేను పెట్టుకున్న గీత ఏంటంటే విండ్ చిల్ 10 పైన ఉంటే ఆలోచించకుండా వెళ్తా, 10 నుంచి మైనస్ 5 దాకా అయితే గాలి ఎటునుంచి, ట్రైల్ మీద చెట్లున్నాయా లేక బోసిగా ఉందా చూసుకుని వెళ్తా, మైనస్ 5 కిందకెళ్తే ఫీజు పోతే పోయిందని ఇంట్లో ఉప్మా తింటా. పాతిక ముప్ఫై డాలర్ల టికెట్‌కి చెవులు పోగొట్టుకోవడం ఎందుకు. 2019 జనవరి 30న ఇక్కడ ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో మైనస్ 23 దాకా పడింది, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31, అలాంటి రోజుల్లో ఎవరైనా పరిగెత్తుదాం రా అంటే వాళ్ళ ఫోన్ ఎత్తకండి.

ఆస్తమా ఉన్నవాళ్ళు, బీపీ, గుండె సంగతి ఏమన్నా ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాల్సిందే, ఇది మాటవరసకి చెప్పడం లేదు. చల్లటి పొడిగాలికి గాలిగొట్టాలు బిగుసుకుంటాయి, రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, పైగా మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బుల రిస్క్ ఎలాగూ ఎక్కువ. ఇన్‌హేలర్ వాడేవాళ్ళు దాన్ని కార్లో వదిలేయకుండా లోపలి జేబులో పెట్టుకోండి, బయటి జేబులో అది కూడా చల్లబడిపోతుంది.

బట్టల సంగతి

లెక్క చాలా సింపుల్. బయట ఎంతుందో దానికి 15, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కలపండి, అంత వేడిలో బయట నడవడానికి ఏం వేసుకుంటారో అదే వేసుకోండి. 20 ఉంటే 40కి వేసుకున్నట్టన్నమాట. ఇంట్లోంచి బయటికి రాగానే "అబ్బ, కొంచెం చలేస్తోందే" అనిపించాలి, హాయిగా వెచ్చగా ఉందీ అంటే ఎక్కువ వేసుకున్నారని అర్థం.

కాటన్ వద్దు. మనకి చిన్నప్పట్నుంచి ఒంటికి కాటనే మంచిదని నేర్పారు, మన ఎండలకి అది నిజమే, కానీ ఇక్కడ కాటన్ చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది, ఆరదు. ఒంటికి ఆనుకునేది పాలియెస్టర్‌దో సన్నటి మెరీనో ఉన్నిదో ఫుల్‌హ్యాండ్స్, కొంచెం టైట్‌గా. దానిమీద చలి బాగా ఉంటే ఇంకోటి కాస్త మందంది, సగం దాకా జిప్ ఉన్నదైతే బెస్ట్, వేడెక్కితే జిప్ కిందకి లాగొచ్చు. పైన గాలి ఆపే పల్చటి జాకెట్, వెచ్చదనం దాని పని కాదు, గాలి ఆపితే చాలు. 25 పైన ఉంటే ఆ మధ్యలోది అక్కర్లేదు. కాళ్ళకి ఒక్క టైట్స్ చాలు, 10 కిందకెళ్తే దానిమీద పల్చటి ట్రాక్ ప్యాంట్. మగవాళ్ళకి ఒక మాట, ముందు భాగంలో గాలి ఆపే గుడ్డ ఉండే డ్రాయర్లు దొరుకుతాయి, సిగ్గుపడకుండా కొనుక్కోండి, ఎదురుగాలిలో ఒకసారి పరిగెత్తాక ఎందుకు చెప్పానో మీకే తెలుస్తుంది.

ఇక మంకీ క్యాప్. నవ్వకండి, ఐడియా కరెక్టే, గుడ్డే తప్పు. మొహం, మెడ, చెవులు మూసేది అనేసరికి మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు, కాకపోతే ఆ ఊలు నోటి దగ్గర తడిసి గడ్డకట్టి గరగరలాడుతుంది. దాని బదులు చెవులు కప్పే పల్చటి టోపీ ఒకటి, మెడకి బఫ్ ఒకటి, గొట్టంలా ఉండే గుడ్డ. చలిగాలి కొడితే బఫ్ ముక్కు దాకా లాక్కోవచ్చు, లోపలికెళ్ళే గాలి కాస్త వెచ్చబడుతుంది, దగ్గు రాదు, వేడిగా అనిపిస్తే కిందకి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి మాత్రం ఇది పెద్ద తలనొప్పి, బఫ్ పైకి లాగితే అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది, ముక్కు కింద ఆపి నోటిని మాత్రమే కప్పండి. బుగ్గలకి, ముక్కు కొసకి వ్యాజలీన్ రాసుకుంటే చర్మం పగలదు, కానీ అది రాసుకున్నాం కదా ఫ్రాస్ట్‌బైట్ రాదులే అనుకోవద్దు.

చేతులకి గ్లవ్స్ కన్నా మిట్టెన్స్ నయం, నాలుగు వేళ్ళూ ఒకే గదిలో కాపురం చేస్తాయి కాబట్టి ఒకదానికొకటి వెచ్చగా ఉంటాయి. నేను లోపల పల్చటి గ్లవ్స్ వేసి పైన మిట్టెన్స్ వేస్తా, ఒక మైలయ్యాక మిట్టెన్స్ తీసి జేబులో కుక్కేస్తా. చేతిలో పెట్టుకునే వేడి ప్యాకెట్లు ఉంటాయి చూడండి, లోపల ఇనుప పొడి గాలి తగిలి వేడెక్కుతుంది, వాటిని ఓ పావుగంట ముందే చించి ఊపి పెట్టుకోవాలి, స్టార్ట్ దగ్గర చించితే ఫినిష్ దగ్గర వేడెక్కుతాయి. ఇంకోటి, ముక్కు ధారగా కారుతుంది, అందరికీ కారుతుంది, జలుబు కాదు అది, చలిగాలిని వెచ్చబెట్టి తడి చేసే పనిలో ముక్కు ఓవర్‌టైమ్ చేస్తోందంతే. గ్లవ్ బొటనవేలి మీద మెత్తటి గుడ్డ ఉంటుంది, అది తుడుచుకోవడానికే, ఇంటికెళ్ళాక ఉతకండి చాలు.

పాదాలకి ఒక్క జత ఉన్ని సాక్స్. రెండు జతలేస్తే ఇంకా వెచ్చగా ఉంటుందని నేనూ అనుకున్నా, షూ బిగుసుకుపోయి రక్తం ఆడక వేళ్ళు ఇంకా మొద్దుబారాయి. షూస్ ముందు భాగం జాలీలా ఉంటుంది కదా, అందులోంచి గాలి సూదుల్లా గుచ్చుతుంది, దానికో చవక ఉపాయం, ఆ జాలీ మీద డక్ట్ టేప్ అడ్డంగా రెండు ముక్కలు అంటించేయడమే. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పనిచేస్తుంది.

ఇవన్నీ రేస్ రోజే మొదటిసారి వేసుకోకండి. ముందు కనీసం రెండు మూడుసార్లు అదే చలిలో, అవే బట్టల్తో బయట పరిగెత్తండి, ట్రెడ్‌మిల్ మీద ఎంత పరిగెత్తినా ఈ విషయంలో లాభం లేదు. ఆ ప్రాక్టీస్‌లో ముందు ఎదురుగాలిలోకి వెళ్ళి, వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా చూస్కోండి, తిరగేసి చేస్తే చెమటపట్టాక ఎదురుగాలి తగుల్తుంది, నరకం. డిసెంబర్లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి ఆఫీసయ్యాక వెళ్ళేవాళ్ళు మెరిసే వెస్ట్, తలకి లైటు పెట్టుకోండి, ఫుట్‌పాత్ లేనిచోట కార్లకి ఎదురుగా పరిగెత్తండి.

ముందు రోజు, ఆ పొద్దున

బిబ్ ముందు రోజే తెచ్చుకోగలిగితే తెచ్చేసుకోండి, పొద్దున్నే క్యూలో నిలబడే పని తప్పుతుంది, చలికాలంలో ఈ ఒక్కటీ సగం యుద్ధం. బిబ్‌ని జాకెట్‌కి కాదు, తొడ మీద టైట్స్‌కి నాలుగు పిన్నులతో పెట్టుకోండి, పైన ఏది విప్పినా అది కదలదు. వెనకాల టైమ్ లెక్కేసే చిప్ ఉంటే మడత పెట్టకండి. పిన్నులు ఇంట్లో వెచ్చగా ఉండగానే పెట్టేస్కోండి, పార్కింగ్‌లో మొద్దుబారిన వేళ్ళతో పిన్ను పెడితే తొడకే గుచ్చుకుంటారు.

రాత్రికి మామూలు అన్నం పప్పే, చెప్పొచ్చేదేంటంటే రేస్ ముందు రాత్రి గోంగూర మటన్ ప్రయోగాలు వద్దు, పార్కులో ఉండేవి రెండు ప్లాస్టిక్ టాయిలెట్లు, వాటి సీట్లు ఎంత చల్లగా ఉంటాయో నేను వర్ణించలేను. పొద్దున రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండూ బ్రెడ్డో, ఒక కాఫీ. చలిలో దాహం తెలీదు గానీ చెమట మాత్రం పోతూనే ఉంటుంది, కాబట్టి ఇంటి దగ్గరే ఒక గ్లాసు నీళ్ళు తాగి బయల్దేరండి.

ఫోన్ సంగతి చెప్పడం మర్చిపోయా. చలికి బ్యాటరీ ఢమాల్‌మని పడిపోతుంది, 60 పర్సెంట్ ఉన్నది కూడా ఆఫ్ అయిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనుకుని పెట్టుకోండి. కారు తాళం జిప్ ఉన్న జేబులో.

ఓ ముప్పావుగంట ముందు చేరుకోండి. చేరాక కార్లో సీట్ హీటర్ వేసుకుని కూర్చోవడం బాగానే ఉంటుంది కానీ చివరి నిమిషం దాకా అక్కడే ఉండొద్దు, నేరుగా కార్లోంచి స్టార్ట్ లైన్‌కి వచ్చి స్పీడందుకుంటే పిక్కలు పట్టేస్తాయి, మంచి ఎండాకాలంలోనే పట్టేస్తాయి, ఇక్కడ చెప్పేదేముంది. ఇరవై నిమిషాలుందనగా దిగి, మెల్లగా ఓ పది నిమిషాలు జాగింగ్, మోకాళ్ళు పైకెత్తడం, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం, నిలబడి సాగదీసే స్ట్రెచింగులొద్దు. దీనంతటికీ పైన ఒక పాత స్వెటర్ వేసుకోండి, స్టార్ట్‌కి రెండు నిమిషాల ముందు విప్పి మీతో వచ్చినవాళ్ళకిచ్చేయండి, ఎవరూ రాకపోతే కంచె మీద వేసేయండి, చిన్న రేస్ కాబట్టి తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటుంది. నేను మూడేళ్ళుగా ఒకటే స్వెటర్ వేస్తున్నా, మా ఆవిడ దాన్ని పారేయడానికి రెండుసార్లు ట్రై చేసింది. మైకు పట్టుకున్నాయన స్పాన్సర్ల పేర్లన్నీ చదివేదాకా పరుగు మొదలవ్వదు, ఆ సేపంతా ఉన్నచోటే గెంతుతూ ఉండండి, అందరూ గెంతుతుంటారు, ఎవరూ నవ్వరు.

పరుగు

టైమ్ గురించి ఆశలొద్దు. మందం బట్టలు, జారే నేల, బిగుసుకున్న కండలు, ఆగస్టులో వచ్చిన టైమ్ జనవరిలో రాదు. వాచీలో పేస్, అంటే మైలుకి ఎన్ని నిమిషాలో, చూడటం మానేసి ఎంత కష్టంగా ఉందో దాన్ని బట్టి పరిగెత్తండి, మొదటి అర మైలు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. నోరంతా తెరిచి గాలి పీలిస్తే గొంతు మండుతుంది, బఫ్‌లోంచి పీల్చండి, ఓ ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది. వేడెక్కుతోంది అనిపించిన వెంటనే, చెమట పట్టకముందే, ముందు జిప్, తర్వాత మిట్టెన్స్, తర్వాత టోపీ, ఈ ఆర్డర్‌లో ఒక్కోటీ తగ్గించండి. చెమట తక్కువ పట్టేలా చూస్కోవడమే ఇక్కడ అసలు ఆట.

నేల మాత్రం కళ్ళు పెట్టుకుని చూడాలి. తొక్కితే కరకరలాడే మంచు మంచిదే, పట్టు ఉంటుంది. గరుకుగా తెల్లగా ఉన్నది పర్లేదు. నల్లగా తడిసినట్టు మెరుస్తోందంటే మాత్రం అది నీళ్ళు కావొచ్చు, బ్లాక్ ఐస్ కావొచ్చు, మీరు ఐస్ అనే అనుకోండి. చెక్క వంతెనలు, బ్రిడ్జీలు అన్నిటికన్నా ముందు గడ్డకడతాయి, కింద నుంచి కూడా గాలి కొడుతుంది కదా. అక్కడ అడుగులు చిన్నవిగా, పాదం ఒంటి కిందే పడేలా, చేతులు కాస్త బారగా, మన పల్లెల్లో వర్షాకాలం పొలం గట్టు మీద ఎలా నడుస్తామో అచ్చం అలాగే, దానికి వేరే ట్రైనింగ్ అక్కర్లేదు మనకి. మలుపులు, ముఖ్యంగా సగం దూరంలో కోన్ చుట్టూ తిరిగొచ్చే చోటు, అక్కడ దాదాపు నడిచేయండి, రెండు సెకన్లు పోతే పోయాయి. నీళ్ళ టేబుల్ దగ్గర అందరూ ఒలకబోసినవి నిమిషాల్లో అద్దంలా గడ్డకడతాయి, నేను ఇన్ని రేసుల్లో పడింది ఒకే ఒకసారి, అది అక్కడే, కప్పు చేతిలోనే ఉంది. ట్రైల్ అంతా ఐస్ ఉందని ముందే మెయిల్ పెడితే షూస్ కింద తొడుక్కునే రబ్బరు పట్టీల ముళ్ళు తెచ్చుకోండి, కానీ ఉత్త సిమెంట్ మీద వాటితో పరిగెత్తడం ఎడ్లబండి ప్రయాణం.

మధ్యలో వేళ్ళు, ముక్కు, చెవులు ఎలా ఉన్నాయో గమనిస్తూ ఉండండి. నొప్పి, మంట ఉంటే అది మంచి సంకేతమే, ఇంకా ప్రాణం ఉందన్నమాట. నొప్పి పోయి మొద్దుబారితేనే భయపడాలి. పుస్తకాల్లో చర్మం తెల్లబడుతుంది, ఎర్రబడుతుంది అని రాస్తారు, మన రంగుకి అది సరిగ్గా కనపడదు, కాబట్టి స్పర్శనే నమ్మండి. ముక్కు గిల్లితే తెలియకపోతే ఆపేసి దగ్గర్లో ఉన్న వాలంటీర్‌ని పట్టుకుని లోపలికెళ్ళిపోండి. పక్కన ఎవరైనా మాట తడబడుతూ, తూలుతూ, వణుకుతూ ఉంటే వాళ్ళని ఒంటరిగా వదలొద్దు, ఒళ్ళంతా చల్లబడిపోతోందని దానర్థం.

ఫినిష్ దాటాక పది నిమిషాలు

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నా కాబట్టి ఇది గట్టిగా చెప్తా. ఫినిష్ దాటగానే అరటిపండు వద్దు, హాట్ చాక్లెట్ వద్దు, సెల్ఫీ వద్దు, ముందు కారు. కార్లో బ్యాగు ఎలా సర్దాలంటే పైన తువ్వాలు, దానికింద పొడి ఫుల్‌హ్యాండ్స్, పొడి టోపీ, తర్వాత సాక్స్, అడుగున ప్యాంటు, ఏది ముందు కావాలో అది పైన, ఎందుకంటే అప్పుడు వేళ్ళకి వెతికే ఓపిక ఉండదు. తల తుడుచుకుని పొడి టోపీ పెట్టేయండి, "తడి తలతో గాలికి తిరగకురా" అని అమ్మ అన్నప్పుడల్లా విసుక్కున్నా గానీ ఇక్కడ ఆవిడే కరెక్ట్. పై బట్టలన్నీ మార్చి, ఆఫీసు జాకెట్ అప్పుడు వేసుకోండి, ఆ దూది పరుపుకి అసలు పని ఇప్పుడే. ఇక ఇప్పుడెళ్ళి ఎన్ని ఫోటోలైనా దిగండి.

మెడల్స్ ఇచ్చేదాకా కూడా ఉండండి. చలికాలం రేసులకి జనం తక్కువొస్తారు, వయసు గ్రూపుల్లో ముగ్గురూ నలుగురే ఉంటారు, మా దాంట్లో ఒకసారి సరిగ్గా ముగ్గురమే, నాకు మూడో ప్లేస్. అమ్మకి ఫోటో పంపిస్తే "ఎంతమందిలోరా" అని అడగలేదు, బతికిపోయా, "ఆ మంచులో పరుగులేంట్రా, ఇంటికెళ్ళి మిరియాల చారు తాగు" అని మాత్రం అంది.

ఇంటికెళ్ళాక వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉంటే వేడినీళ్ళ కింద పెట్టకండి, హీటర్ ముందు పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలుతున్నా తెలీదు. ఇంట్లో ఎవరినైనా మోచెయ్యి ముంచి చూడమనండి, వాళ్ళకి గోరువెచ్చగా అనిపించే నీళ్ళలో మెల్లగా పెట్టండి, రుద్దొద్దు. స్పర్శ రాకపోయినా, బొబ్బలొచ్చినా డాక్టర్ దగ్గరికే. అంతా బాగుంటే ఆ మిరియాల చారు నిజంగానే పెట్టుకోండి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎక్కువ దంచి.

ఇక షూస్. రోడ్ల మీద చల్లే ఉప్పు వాటికి తెల్లగా పట్టేస్తుంది, తడిగుడ్డతో తుడిచి, లోపలి అట్టలు బయటికి లాగి, పాత పేపర్లు ఉండచుట్టి కుక్కండి, రాత్రికి ఒకసారి పేపర్లు మార్చండి, డ్రయ్యర్‌లో మాత్రం వేయకండి, జిగురు ఊడొస్తుంది.